తోక చక్రం

ఆ వానాకాలమంతా మా పెరటి షెడ్డులో అన్నదమ్ములిద్దరూ ఇనపకుర్చీల్లో కూర్చుని ఒకరినొకరు గుద్దుకున్నారు. ఒకరినొకరు అనడం కూడా తప్పే. గుద్దింది తమ్ముడు, గుద్దించుకుంది అన్న. నేను ముందు గదిలో కూర్చుని వాళ్ల నడుములకి పట్టీలు కుట్టాను.

మా ఆయన గేట్లు చేస్తాడు. గేట్లు, కిటికీ ఊచలు, మేడమెట్లకి పట్టుకమ్ములు. నోరు మంచిది కాదు, చెయ్యి అంతకన్నా మంచిది కాదు. ఇనుమును మాత్రం పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటాడు. మనుషుల దగ్గరికి వచ్చేసరికే ఆ నాజూకంతా ఎటో పోతుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. మా మరిదీ ఆ తానులో ముక్కే. చిన్నప్పుడు వీళ్లిద్దరూ ఒకరి తల ఒకరు పగలగొట్టుకున్న కథలు మా అత్తగారు బతికున్నన్నాళ్లూ మురిసిపోతూ చెప్పేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కేకలకి నేను వంటింట్లో దూరేదాన్ని. తర్వాత నేనూ గొంతు పెంచడం నేర్చుకున్నాను. నాది సీట్లు కుట్టే పని. మోటారుసైకిళ్లవీ ఆటోలవీ. మందపాటి రెక్సిన్‌ని మిషను కింద తొయ్యాలంటే నోట్లోంచి నాలుగు తిట్లు రాక తప్పవు.

అంతకు ముందు ఏడు ఒక డాబా మీద నీళ్లట్యాంకుకి స్టాండు బిగిస్తుండగా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. స్టాండు కాళ్ల మధ్య అడ్డకమ్మి వెయ్యకపోతే ఊగుతుందని తమ్ముడు, అక్కర్లేదని అన్న. నాకే పని నేర్పుతావట్రా అని మా ఆయన తమ్ముడి రొమ్ము మీద చెయ్యేసి ఒక్క తోపు తోశాడు. అలాంటి తోపులు వాళ్ల మధ్య లెక్కలేనన్ని అయ్యాయి. ఆసారి మా మరిది వెనకాల పిట్టగోడ లేదు. వెల్లకిలా వచ్చి నేల మీద పడ్డాడు. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డదాన్ని నేనే కాబట్టి ఏం జరిగిందో మా ముగ్గురికే తెలుసు. వెన్ను విరిగింది. నడుము కింద ఇక ఏదీ కదల్లేదు.

ఆస్పత్రిలో అడిగినవాళ్లందరికీ, మా ఆయన నోరు తెరిచేలోపే, మంచం మీంచి మా మరిదే చెప్పాడు, కాలు జారిందని. ఆ మాటతో అన్నని కాపాడాడు. ఆ తర్వాత అన్నతో ఒక్క మాట కూడా నేరుగా ఆడలేదు. ఒకే ఇల్లు, ఒకే గిన్నెలో కూడు. అయినా, వదినా, మీ ఆయన్ని ఆ తలుపు వెయ్యమను, అనేవాడు. వాడి పెళ్లాన్ని కాదు వెయ్యడానికి, తనే వేసుకోమను, అని ఈయన. నేను ఆ ఇంట్లో తపాలా బంట్రోతుని. మోసినవన్నీ తిట్లే.

మా మరిదిని ఆటలోకి లాక్కెళ్లింది డ్రైవరన్నయ్య. ఆయన ఒకప్పుడు బస్సు నడిపేవాడు. ఏదో జబ్బు చేసి రెండు కాళ్లూ తీసేశారు. మిగిలిన మనిషే ఇద్దరి పెట్టు. ఆటలో వాడే విరిగిన చక్రాలకుర్చీ ఒకటి అతుకు పెట్టించుకోవడానికి మా షెడ్డుకి వచ్చి, మూల కూర్చుని ఊచలకి రంగులేస్తున్న మా మరిది భుజాలు చూసి, ఈ భుజాలు ఇక్కడ దండగ, నాకిచ్చెయ్యండి అన్నాడు.

ఆట ఏమిటో చూద్దామని నేనూ వెళ్లాను. నున్నటి చెక్కనేల వేసిన పెద్ద హాలు. జట్టుకి నలుగురు. బంతిని ఒళ్లో పెట్టుకుని అవతలి గీత దాటించాలి. దాటనివ్వకుండా ఎదుటివాళ్లు కుర్చీలతో వచ్చి గుద్దుతారు. ఇనుమూ ఇనుమూ తగిలితే లారీ వెనక తలుపు ఒక్కసారి కింద పడ్డట్టు ఉంటుంది. ముఖ్యమైన నియమం ఒక్కటే. కుర్చీ కుర్చీని ఎంత గట్టిగానైనా గుద్దచ్చు, మనిషి మనిషిని ముట్టుకోకూడదు. మా ఇంటికి ఇంతకన్నా తగిన ఆట ఉండదనుకున్నాను.

జట్టులో వాళ్లవన్నీ ఎక్కడెక్కడివో పాత కుర్చీలు, ఎవరి కొలతకో చేసినవి. పక్కవాడి చెప్పులేసుకుని పరిగెత్తినట్టుంది అని డ్రైవరన్నయ్య ఒక రోజు షెడ్డులో నిట్టూర్చాడు. వానలు మొదలయ్యాయంటే గేట్ల పని పడుకుంటుంది. మర్నాటి నుంచీ మా ఆయన గొట్టాలు వంచడం మొదలుపెట్టాడు. ఒక్క కుర్చీ ఎవరు కూర్చున్నా వాళ్లదే కావాలన్నది ఆయన పంతం. సీటు కింది పట్టాలకి వరసగా రంధ్రాలు పెట్టాడు. ఒంట్లో పట్టున్నవాడికి సీటు పైకి, నడుము నిలవనివాడికి వెనక్కి దించి ఒడిలా. చక్రాలు ముందుకీ వెనక్కీ జరుగుతాయి. ముందు బంపరు ఊడదీసి మార్చుకోవచ్చు: బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి డాలులా గుండ్రంగా ఒకటి, అడ్డుకునేవాడికి ఎదుటి చక్రాన్ని పట్టి లాగే కొమ్ములతో ఒకటి.

మొదటి కుర్చీని ఇద్దరం పట్టుకుని కూడా గుమ్మం దాటించలేకపోయాం. వదినా, కుర్చీ చెయ్యమంటే మీ ఆయన ప్రహరీగోడ కట్టాడేంటి, అన్నాడు మా మరిది. అవతల గదిలో విన్న ఆయన ఆ రోజు తిండి మానేసి సన్నగొట్టంతో మళ్లీ చేశాడు.

ఇక నడుం పట్టీ. జట్టులో కొందరికి వేళ్లు ముడుచుకోవు, బెల్టు బకిలు నొక్కలేరు. దానికి మా ఆయన గేట్లవాడి బుర్రే వాడాడు. పై నుంచి దించితే దాని బరువుకి అదే రంధ్రంలో పడి కూర్చునే చిన్న గడియ చేసి, తలకి పెద్ద కడియం పెట్టాడు. మణికట్టుతో ఎత్తితే వచ్చేస్తుంది, వేళ్లతో పని లేదు. డ్రైవరన్నయ్య పది సార్లు తీసి వేసి చూసి ఆయన వీపు మీద చరిచాడు. మా ఆయన మొహం వెలగడం చాలా కాలానికి చూశాను.

గేటు తలకిందులు కాదు. కుర్చీ అవుతుంది. మాలో ఒక్కరికీ అది తట్టలేదు.

ఆ కుర్చీతో మొదటి పోటీకి అందరం వెళ్లాం. అవతలి జట్టులో ఒకణ్ని బుల్లెట్టు అని పిలుస్తున్నారు. పీలగా ఉన్నాడు గానీ వచ్చే వేగానికి ఆ పేరు సరిపోయింది. మా మరిది బంతి ఒళ్లో పెట్టుకుని గీత వైపు తిరుగుతుండగా పక్కనించి వచ్చి కొట్టాడు. కుర్చీ ఒక చక్రం మీద లేచి బోర్లా పడింది. అలా పడ్డం ఆ ఆటలో మామూలే. మనిషి కుర్చీకి కట్టేసి ఉంటాడు, ఇద్దరు వచ్చి మనిషినీ కుర్చీనీ కలిపి లేపి నిలబెడతారు. కానీ తలకిందులైన కుర్చీలో మా ఆయన గడియ తన బరువుకి తనే జారి ఊడిపోయింది. మా మరిది మూటలా నేల మీదికి దొర్లాడు. వెనకే వస్తున్న కుర్చీ ఆగలేకపోయింది. దాని బంపరు తిన్నగా మొహానికి తగిలింది.

నెత్తురు చెక్కనేల మీద జారుడుగా పరుచుకుంది. లేపడానికి వచ్చినవాడి కాలు అందులో జారింది. మా మరిది నోరు తెరిచి చేతిలోకి ఉమ్మితే పళ్లు వచ్చాయి. నేను చీర కొంగు నోట్లో కుక్కుకుని పరిగెత్తాను. మా ఆయన కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. నేల మీద దొర్లుతున్న ఆ గడియని చూస్తూ ఉండిపోయాడు.

పెదవికి కుట్లు వేయించుకుని ఇంటికి వచ్చాక మా మరిది నన్ను పిలిచాడు. మా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. అయినా నాతోనే చెప్పాడు, వాచిన పెదాలతో ఒక్కో మాటా కూడదీసుకుంటూ.

"వదినా, మొదటిసారి చేత్తో తోశాడు. ఈసారి గడియతో తోశాడు. అడుగు, మూడోది ఎప్పుడో."

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మాట న్యాయం కాదని ముగ్గురికీ తెలుసు. తెలిసినంత మాత్రాన తగలకుండా పోతుందా.

మా మరిది ఇంకో మాట కూడా అన్నాడు. కుర్చీలో ఏది ఎప్పుడు ఊడుతుందో కూర్చున్నవాడికే తెలియాలి. చేసేవాణ్నే కూర్చోమను. నేను గుద్దుతాను, ఏం విరుగుతుందో చూసుకోమను. ఈ మాట నేను మోసుకెళ్లే పని లేకపోయింది. మా ఆయన అప్పటికే షెడ్డు వైపు వెళ్లిపోయాడు. ఆ వారంలోనే తన కొలతకి రెండో కుర్చీ చేసుకున్నాడు.

పట్టీ పని ఇక నాదని నేనే అన్నాను. బస్తాలు కుట్టే దారంతో రెండు పొరల పట్టీ కుట్టి, ఒక చివర ఇనప ఉంగరం, రెండో చివర అతుక్కునే గరుకుపట్టీ, దాని కొసన చెయ్యంతా దూరేలా పెద్ద ఉచ్చు పెట్టాను. ఉంగరంలోంచి తిప్పి వెనక్కి లాగి అద్దితే కుర్చీ ఆకాశంలోకి ఎగిరినా ఊడదు. విప్పాలంటే ఉచ్చులో చెయ్యి దూర్చి లాగితే చాలు.

మొదటి రోజు నేనూ షెడ్డులో ఉన్నాను. గేట్లన్నీ గోడకి చేర్చి మధ్య నేల ఖాళీ చేశారు. రేకుల మీద వాన హోరు. మా ఆయన నడుముకి పట్టీ నేనే బిగించాను. మా మరిది ఆ చివరి తలుపు దాకా వెనక్కి వెళ్లి, రెండు చేతులతో చక్రాలు తోసుకుంటూ వచ్చి ఎదురుగా గుద్దాడు. మా ఆయన కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచి, కుర్చీ వెనక్కి తిరగబడింది. తల సిమెంటు నేలకి కొట్టుకుంది. నేను కేక పెట్టాను.

ఏం కాలేదు, తోక చక్రం ఇంకా పెట్టలేదు అంతే, అన్నాడు ఆయన కింద నుంచే. తోక చక్రమంటే కుర్చీ వెనకాల గొట్టానికి బిగించే చిన్న చక్రం. కుర్చీ వెనక్కి వాలితే అది నేలకి ఆని పడిపోకుండా ఆపుతుంది. మా మరిది కుర్చీకి మొదటి నుంచీ ఉంది. తన కుర్చీకి కూడా చేస్తానన్నాడు మా ఆయన. చెయ్యడం నా కళ్లతో చూశాను. అయినా నా మనసు ఊరుకోక పాత సీట్ల స్పాంజి తెచ్చి వెనకాల పరిస్తే, చక్రాలకి అడ్డమని విసిరి పారేశాడు. నీ కేకలకి వాడి గురి తప్పుతోంది, నువ్వు ముందు గదిలో ఉండు అన్నాడు. సరే, మగాళ్ల పంతాలు, నా పట్టీలు నేను కుట్టుకుంటానని వచ్చేశాను.

ఇక రోజూ అదే. మధ్యాహ్నం అయ్యేసరికి వాన, వానలోంచి ఆ చప్పుడు. ఒక్కో చప్పుడుకీ నా మిషను సూది ఒక కుట్టు తప్పేది. మా ఆయన లేచి ఏం వంగిందో ఏం పగిలిందో చూసి, అతుకు పెట్టి, మళ్లీ కూర్చునేవాడు. బంపరు కొమ్ము చక్రం ఊచల్లో దూరి అది మెలికపడితే చక్రాలకి రేకు మూతలు వేశాడు. ఆ రోజు ఆయన బొటనవేలి గోరు ఊడి వచ్చింది. బంపరు మరీ గట్టిగా ఉంటే దెబ్బంతా కూర్చున్నవాడి పక్కటెముకలకి పోతోందని కనిపెట్టి, కాస్త లొంగేలా వంపు మార్చాడు. అది కనిపెట్టడానికి ఆయన ఎముక ఒకటి చిట్లింది. పడుకుంటే పక్కకి తిరగలేకపోయేవాడు. కుర్చీ రోజురోజుకీ బాగుపడింది. మనిషి రోజురోజుకీ పాడయ్యాడు.

డ్రైవరన్నయ్య జట్టువాళ్లు వంతులవారీగా వచ్చి కుర్చీలో కూర్చుని, సీటు ఎత్తించుకుని దింపించుకుని, నోళ్లు వెళ్లబెట్టి వెళ్లేవాళ్లు. ఆ కుర్చీతో ఒక ఆట గెలిచారు కూడా. బుల్లెట్టుని మా మరిది గోడ దాకా నెట్టుకెళ్లి అక్కడే నొక్కి పట్టాడట, వాడి చెయ్యి విరిగిందట. చెబుతుంటే మా మరిది పళ్లులేని నోటితో నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పెద్ద పోటీ దగ్గర పడింది. ఒక రోజు మా ఆయన కుర్చీ వీపుగుడ్డ చిరిగితే, కుట్టమని ముందు గదిలో పెట్టి, తను వెల్డింగు రాడ్లు కొనడానికి వెళ్లాడు. నేను కుర్చీని బోర్లా తిప్పి ఒళ్లోకి లాక్కున్నాను. వెనకాల తోక చక్రం దూర్చే గొట్టం మూతి నా మొహానికి ఎదురుగా వచ్చింది. లోపల రంగు నున్నగా ఉంది. ఒక్క గీత లేదు. ఇనుములో ఇనుము ఒక్కసారి దూరినా రంగు లేచిపోతుంది. సీట్లు కుట్టేదాన్నైనా ఆ మాత్రం తెలుసు. షెడ్డులోకి వెళ్లి వెతికాను. గేట్ల వెనకాల మేకుకి వేలాడుతూ కనిపించింది తోక చక్రం, కొత్త రంగుతో, బొమ్మల కొట్లో వస్తువులా.

మా ఆయన రాగానే జుట్టు పట్టుకుని తల వంచాను. వెనకాల అంతా ఒక పుండు మీద ఇంకో పుండు. ఎండిన నెత్తురుతో జుట్టు అట్టకట్టింది. ఇన్నాళ్లూ తలకి గుడ్డ కట్టుకుని తిరుగుతుంటే చెమటకనుకున్నాను. నా ఒళ్లు మండిపోయింది. చావాలనుంటే చెప్పండి, నేనే తలుపు గడియ తీసి కొడతాను, ఇలా రోజుకింత చావడమెందుకు అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తల విడిపించుకోలేదు. తిట్లన్నీ అయ్యాక మెల్లగా అన్నాడు.

"వాడు పడిన రోజు వాడి వెనకాల ఏ చక్రముందే?"

జవాబు దొరకనప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది. ఆ కోపంతోనే మా మరిది గదిలోకి వెళ్లాను. అరచేతులకి టేపు చుట్టుకుంటున్నాడు, ఆ రోజు గుద్దడానికి సిద్ధమవుతూ. మీ అన్న కుర్చీకి తోక చక్రం లేదు, తెలుసా, అన్నాను. టేపు చుట్టడం ఆపలేదు.

"తెలియకుండా ఎలా ఉంటుంది వదినా, ఎదురుగా ఉండేది నేనేగా."

చెంప మీద కొట్టాను. కుట్లు వేసిన వైపే పడింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఎన్ని మాటలన్నా అతని మీద చెయ్యి ఎత్తలేదు. కుర్చీలో కూర్చున్న మనిషిని నిలబడి కొట్టానని సిగ్గుపడే తీరిక కూడా లేకపోయింది. అతను పెదవి తడుముకుని, వేలికి అంటిన నెత్తురు చూసుకుని, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"ఎప్పటికైనా చాలంటాడని చూస్తున్నాను. ఎందుకనడు వదినా?"

ఆయన నువ్వంటావని చూస్తున్నాడు, అని అరిచాను. ఇద్దరూ ఒకే కడుపున పుట్టారని ఇప్పుడు నమ్ముతున్నాను, అని కూడా అరిచాను. తర్వాత నా పెద్ద కత్తెర తీసుకుని షెడ్డులోకి వెళ్లి రెండు కుర్చీల పట్టీలూ కోసేశాను. నడుం పట్టీలు, మోకాళ్ల పట్టీలు, జట్టు మొత్తానికి కుట్టి పెట్టిన కట్ట. రెండు పొరలు తెగడానికి చేతులు నొప్పెట్టాయి. మిషనుకి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. ఈ ఇంట్లో ఇంకో వెన్ను విరిగినా, ఒక తల పగిలినా చూడ్డానికి నేను ఉండను, పెట్టె సర్దుకుంటాను అని ఇద్దరికీ వినపడేలా చెప్పాను. ఇక నుంచి మాటలు కూడా మొయ్యను, ఎవరి మాట వాళ్లే చెప్పుకోండి అన్నాను.

మర్నాడు డ్రైవరన్నయ్య వచ్చి కోసి పడేసిన ముక్కల కుప్ప చూశాడు.

"ఏం చెల్లెమ్మా, ఎలకలు పడ్డాయా?"

"రెండు పడ్డాయన్నయ్యా. పెద్దవి."

సంగతంతా చెప్పాను, డాబా మాట తప్ప. ఆయన నవ్వడం మానేశాడు. మా మరిది గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆ తలుపు వైపు తిరిగి, బస్సులో వెనకసీటు దాకా వినపడే గొంతుతో చెప్పాడు. మా ఆటలో తోక చక్రం లేని కుర్చీని ఎవరూ గుద్దరు. ఎదుటివాడు ఎంత పగవాడైనా సరే, చక్రం ఊడితే ఆగి, పెట్టించి, అప్పుడు గుద్దుతారు. అలా ఆగనివాడు నా జట్టులో అక్కర్లేదు, వాడి భుజాలు నాకక్కర్లేదు. ఇంతే చెప్పి, నా చేతి మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఆ రెండు రోజులూ ఇల్లు శ్మశానమే. తపాలా ఆగిపోయింది కదా, తలుపు వేయమని అడిగే దిక్కు కూడా లేదు. వాన జల్లు లోపలికి కొడుతున్నా తలుపు తెరిచే ఉంది. నేను పెట్టె సర్దాను. నిజంగానే సర్దాను, బెదిరింపుకి కాదు.

మూడో రోజు మధ్యాహ్నం షెడ్డులోంచి చప్పుడు వచ్చింది. గుద్దుతున్న చప్పుడు కాదు. సుత్తి దెబ్బ. పెట్టె అక్కడే వదిలి వెళ్లాను. మా మరిది కుర్చీ దిగి నేల మీద ఉన్నాడు. కదలని కాళ్లు రెండూ పక్కకి మడిచి పెట్టుకుని, అన్న కుర్చీ వెనకాల ఆనుకుని, తోక చక్రాన్ని గొట్టంలోకి దూరుస్తున్నాడు. లోపలి రంగు మందంగా ఉండి దూరడం లేదు. ఆకురాయితో రంగు గీకి మళ్లీ కొట్టాడు. మా ఆయన నాలుగడుగుల దూరంలో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

చక్రం దూరింది. మా మరిది తల ఎత్తకుండానే చెయ్యి వెనక్కి చాచాడు. ఏ స్పానరో అతను చెప్పలేదు, ఈయన అడగలేదు. ఆ చేతిలో పడ్డది సరైనదే. బోల్టు బిగించాక ఒకసారి ఊపి చూసి, చేతుల మీద తన కుర్చీలోకి ఎక్కి కూర్చుని నా వైపు చూశాడు. పట్టీలు కావాలని ఆ చూపు. బొడ్లోంచి తాళంచెవి తీశాను.

రెండే రెండు పట్టీలు కుట్టాను, రెండేసి పొరలు కాదు, మూడేసి. మా ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పట్టీ నేనే బిగించి, ఈసారి ముందు గదికి పోకుండా గేట్ల పక్కన నిలబడ్డాను. కదలమని నన్ను ఎవరూ అనలేదు.

మా మరిది ఆ చివరికి వెళ్లి తిరిగాడు. మా ఆయన చేతులు అలవాటుగా చక్రాల మీద ఉన్నాయి. మా మరిది చక్రాలు తొయ్యబోయి ఆగాడు.

"చేతులు లోపల పెట్టుకో. వేళ్లు నలుగుతాయి."

మా ఆయన నా వైపు చూశాడు, ఈ మాట నేను మోసుకొచ్చి ఇస్తానేమోనని. నేను కదల్లేదు. తమ్ముడు తనతోనే మాట్లాడాడని ఆయనకి మెల్లగా తెలిసింది. అప్పుడు రెండు చేతులూ తీసి బళ్లో కూర్చున్న పిల్లాడిలా ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ రోజు గుద్దినట్టు మా మరిది అంతకు ముందెప్పుడూ గుద్దలేదు. ఏడాదిగా దాచుకున్నదంతా ఆ చేతుల్లోంచి చక్రాల్లోకి దిగింది. నోట్లోంచి ఏదో కేక వచ్చింది, మాట కాదు. బంపర్లు తగిలిన చోట నిప్పురవ్వలు లేచాయి. మా ఆయన కుర్చీ ముందు భాగం నిలువునా లేచింది, తల వెనక్కి పోయింది. నాకు కళ్లముందు డాబా అంచు కనిపించింది. కింద తోక చక్రం నేలకి తగిలి కీచుమంటూ కొంత దూరం జారి ఆగింది. కుర్చీ అలాగే వెనక్కి వాలి, ఒక్క క్షణం నిలిచి, దభీమని ముందుకి పడింది. ఆయన తల నేలకి తగల్లేదు.

చాలాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక ఉచ్చులో చెయ్యి దూర్చి పట్టీ లాగి, దిగి, కుర్చీ వెనకాల మోకాళ్ల మీద కూర్చున్నాడు. తోక చక్రం గొట్టం కాస్త వంగింది. అతుకు దగ్గర వెంట్రుకంత బీట. దాని మీద వేలు పెట్టి, తల ఎత్తకుండా అన్నాడు.

"అడ్డకమ్మి వెయ్యాలిరా. లేకపోతే ఊగుతుంది."

నేను గేటు ఊచ గట్టిగా పట్టుకున్నాను. ఆ మాట ఆ ఇద్దరి మధ్య చివరిసారి నడిచింది డాబా మీదే. మా మరిది కుర్చీని దగ్గరికి తోసుకొచ్చి, ఆ బీటని చూశాడు, అన్న వంచిన మెడని చూశాడు, తల మీద పుండ్లని చూశాడు. చేతికి అందే దూరంలో ఉంది ఆ తల.

"వెయ్యి," అన్నాడు. "నేను పట్టుకుంటా."

మా ఆయన చిన్న కమ్మి కోసి తెచ్చాడు. మా మరిది వంగి దాన్ని గొట్టానికీ చట్రానికీ మధ్య రెండు చేతులతో ఆనించి పట్టుకున్నాడు. షెడ్డులో వెల్డింగు ముసుగు ఒక్కటే ఉంది. మా ఆయన దాన్ని తమ్ముడి మొహానికి తగిలించి, తను కళ్లు గట్టిగా మూసుకుని రాడ్డు ఆనించాడు. వెలుగు పడి ఆరింది.

అతుకు వంకరగా పడింది. కళ్లు మూసుకుని పెడితే ఇంకెలా పడుతుంది. ముసుగు పైకెత్తి చూసి, నీకు చేతులున్నాయా కాళ్లా అని తమ్ముడు మొదలుపెట్టాడు. తిన్నగా పట్టుకోవడం చేతకాని వెధవకి మాటలొకటా అని అన్న అందుకున్నాడు. వాన హోరుని మించి కేకలు. నేను ముందు గదికి వచ్చి, పెట్టెని కాలితో మంచం కిందికి తోసేసి, జట్టులో మిగతావాళ్ల పట్టీలు కుట్టడానికి కూర్చున్నాను.